డొక్కా సీతమ్మ: ప్రభుత్వం చేయాల్సిన పని చేసిన ఇల్లాలు

కలకడ: మన మండలంలో సర్కారు బడికి పోయే పిల్లలు మధ్యాహ్నం తినే బువ్వకు ఇప్పుడు ఒక ఆడమనిషి పేరుంది. డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. 2024 జూలైలో ప్రభుత్వం ఈ పేరు పెట్టింది. అంతకుముందు ఇదే పథకం జగనన్న గోరుముద్ద. ప్రభుత్వం మారితే పథకం పేరు మారడం మనకు కొత్త కాదు. ఒక నాయకుడి పేరు పోయి ఇంకో నాయకుడి పేరు వస్తుంది, పళ్లెంలో అన్నం మాత్రం అదే. కాకపోతే ఈసారి వచ్చిన పేరు ఏ పార్టీదీ కాదు. జీవితంలో ఒక్కసారి కూడా ఓటు వేయని, పదవి అంటే ఏమిటో తెలియని ఒక పల్లెటూరి ఇల్లాలి పేరు అది.

గోదావరి జిల్లాల్లో ఈమె పేరు తెలియని ఇల్లుండదు. మన సీమలో మాత్రం చాలామంది అమ్మానాన్నలకు ఆమె ఎవరో తెలీదు. తెలుసుకోవాల్సిన జీవితం అది. గొప్ప దాత కాబట్టి అని మాత్రమే కాదు. ఆమె కథ చదివితే మన ముందుకు ఒక ప్రశ్న వస్తుంది. ప్రభుత్వం చేయని పనిని దాతలు చేయాలా? చేస్తే ప్రభుత్వం చేతులు దులుపుకోదా? చేయకపోతే ఈ పూట ఆకలితో ఉన్నోడి గతేంటి? రంజాన్ వచ్చినప్పుడల్లా జకాత్, ఫిత్రా లెక్కలు వేసుకునే మన ఇళ్లకు ఇది బయటి ప్రశ్న కాదు.

బువ్వన్న కూతురు

సీతమ్మ 1841 అక్టోబరులో పుట్టింది. ఊరు మండపేట, అప్పట్లో గోదావరి జిల్లా రామచంద్రాపురం తాలూకా. నాన్న అనుపిండి భవానీశంకరం, అమ్మ నరసమ్మ. వాళ్లేమీ జమీందార్లు కాదు. అయినా ఇంటికొచ్చిన మనిషిని తినకుండా పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు. ఊళ్లో వాళ్లు భవానీశంకరాన్ని అసలు పేరుతో పిలవడం మానేసి బువ్వన్న అని పిలిచేవారట. బువ్వ పెట్టేవాడు కాబట్టి బువ్వన్న.

సీతమ్మ బడికి పోలేదు. ఆ కాలంలో ఆడపిల్లల్ని బడికి పంపేవాళ్లు అరుదు. చిన్నప్పుడే తల్లి పోవడంతో ఇంటి పని, వచ్చేపోయే వాళ్లకు వడ్డించే పని ఆమె మీద పడింది. ఆమె చదువంతా ఆ వంటింట్లోనే సాగింది. ఎంతమంది వస్తే ఎన్ని బియ్యం పొయ్యాలి, వేళకాని వేళ ఎవరైనా తలుపు తడితే ఏం చెయ్యాలి, ఉన్న కూరను నలుగురికి ఎట్లా సర్దాలి. ముందు ముందు ఆమెకు పనికొచ్చింది ఈ చదువే.

లంకల గన్నవరం గుమ్మం

డొక్కా జోగన్న లంకల గన్నవరంలో ఉండే వేద పండితుడు, ఉన్న రైతు. పండిత సభకు వెళ్లి తిరిగి వస్తూ ఒకసారి మండపేటలో బువ్వన్న ఇంట్లో ఆగాడని, ఆ ఇంటి మర్యాద, వడ్డించిన పిల్ల ఓపిక చూసి ఆమెనే పెళ్లి చేసుకున్నాడని చెప్పుకుంటారు. అట్లా సీతమ్మ గన్నవరం కోడలైంది.

ఈ గన్నవరం విజయవాడ పక్కనుండే విమానాశ్రయం గన్నవరం కాదు. కోనసీమలో వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. ఇప్పుడు పి.గన్నవరం మండలంలోని ఊరు. ఆ రోజుల్లో కోనసీమలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే నది దాటాలి, పడవ కోసం కాచుకోవాలి. వరదొస్తే రోజుల తరబడి ఒడ్డునే పడిగాపులు. హోటళ్లు లేవు, బస్సులు లేవు. అంతర్వేది తిరనాళ్లకు పోయేవాళ్లు, పెళ్లి బృందాలు, కూలికి పోయేవాళ్లు, సరుకు మోసేవాళ్లు, అందరూ ఆ దారిన పోవాల్సిందే. నడిచి నడిచి, పడవ దిగి, ఆకలితో వచ్చినవాళ్లకు మొదట కనిపించే గుమ్మం డొక్కా వారిది.

మొదట నలుగురు వచ్చారు, తర్వాత పదిమంది. పడవవాళ్ల నోటంట, బాటసారుల నోటంట పేరు పాకింది. గన్నవరం చేరితే చాలు, సీతమ్మ ఇంట్లో అన్నం దొరుకుతుందనే నమ్మకం జనంలో కుదిరింది. ఆ ఇంట్లో పొయ్యి ఆరేది కాదంటారు. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచి వండి పెట్టేది. ఏ ఊరు, ఏ కులం, ఏ మతం అని అడిగేది కాదని ఆ ప్రాంతంలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. కులం కట్టుబాట్లు గట్టిగా ఉన్న కాలంలో, సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో ఒక ఆడమనిషి ఇంత చేయడం చిన్న విషయం కాదు.

పల్లకి వెనక్కి తిరిగింది

ఆమె గురించి ఎక్కువగా చెప్పుకునే కథ ఒకటుంది. అంతర్వేది తీర్థం చూడాలని సీతమ్మకు ఎంతో కాలంగా కోరిక. ఇంట్లో వచ్చేపోయేవాళ్లు ఎప్పుడూ ఉండటంతో కుదిరేది కాదు. చివరికి ఒక ఏడాది మనసు గట్టి చేసుకుని పల్లకిలో బయలుదేరింది. దారిలో బోయీలు పల్లకి దించి సేద తీర్చుకుంటున్నారు. అటువైపు ఎదురొస్తున్న ఒక పెళ్లి బృందం కూడా అక్కడే ఆగింది. వాళ్లతో చిన్న పిల్లలున్నారు, ఆకలని ఏడుస్తున్నారు. కొంచెం ఓర్చుకోండి, గన్నవరం వచ్చేస్తోంది, సీతమ్మ గారింట్లో తిందురుగాని అని పెద్దవాళ్లు పిల్లల్ని ఊరడిస్తున్నారు.

పల్లకిలో ఉన్న సీతమ్మ చెవిన ఆ మాట పడింది. తాను ఇంట్లో లేదు. వాళ్లు మాత్రం తన గుమ్మాన్ని నమ్ముకుని పోతున్నారు. పల్లకి వెనక్కి తిప్పమని బోయీలకు చెప్పింది. వాళ్లకంటే ముందే ఇల్లు చేరి పొయ్యి వెలిగించింది. అంతర్వేది ప్రయాణం అక్కడితో ఆగిపోయింది.

ఈ కథలో భక్తి ఉంది, త్యాగం ఉంది. ఇంకొకటి కూడా ఉంది, దాన్ని మనం గమనించాలి. ఆ పిల్లల భోజనం మొత్తం ఒక మనిషి ఇంట్లో ఉండటం మీద ఆధారపడింది. ఆమె ఆ మాట వినకపోయి ఉంటే ఏమయ్యేది? వాళ్లు గన్నవరం దాకా నడిచి, పెట్టే మనిషి లేని ఇంటి ముందు నిలబడేవాళ్లు. అందులో సీతమ్మ తప్పేమీ లేదు. ఒక్క మనిషి దయ మీద వందల మంది పూట గడవడం ఎప్పుడూ అంత సన్నని దారమే.

చక్రవర్తి అడిగిన ఫోటో

సీతమ్మ పేరు దొరల దాకా పోయింది. ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం వేడుకల్లో భాగంగా 1903 జనవరి 1న ఢిల్లీలో పెద్ద దర్బారు జరిగింది. ఆ వేడుకలకు రమ్మని సీతమ్మకు కబురొచ్చిందని, తాను పేరు కోసం అన్నం పెట్టడం లేదని చెప్పి ఆమె రానందని గోదావరి జిల్లాలో చెప్పుకుంటారు. మనిషి రాకపోతే కనీసం ఫోటో అయినా పంపమని పైనుంచి ఆదేశం. ఫోటోకు కూడా ఆమె ఒప్పుకోలేదు. ఫోటో తీసుకుపోకపోతే వచ్చిన ఉద్యోగి కొలువు పోతుందని తెలిశాక, తన వల్ల ఒక కుటుంబం అన్నం పోకూడదని మాత్రమే కూర్చుందట. ఇప్పుడు బడుల్లో, ఫ్లెక్సీల మీద మనకు కనిపించే ముసలమ్మ బొమ్మకు మూలం ఆ ఫోటోనే అంటారు.

సీతమ్మ 1909 ఏప్రిల్ 28న కన్నుమూసింది. 2000లో గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. తర్వాత బడి భోజనానికి పెట్టారు.

అదే కాలంలో మన సీమ

సీతమ్మ గన్నవరంలో వండి పెడుతున్న రోజుల్లో మన ప్రాంతంలో ఏం జరుగుతోందో కూడా చూడాలి. అప్పటికి చిత్తూరు జిల్లా లేదు, 1911లో ఏర్పడింది. మదనపల్లె, వాయల్పాడు తాలూకాలు అప్పట్లో కడప జిల్లాలోవి. మన పల్లెలన్నీ చెరువుల మీద, వానల మీద బతికేవి. ఇప్పుడూ పెద్ద తేడా లేదు.

1866లో సీమలో కరువొచ్చింది. అప్పుడు కర్నూలు జిల్లా ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అనే రైతు రోజూ వేల మందికి, నెలల తరబడి గంజి పోయించాడు. ఆస్తులు కరిగినా ఆపలేదు. విక్టోరియా రాణి ఆయనకు బంగారు పతకం పంపింది. సీమలో ఇప్పటికీ ఆయన మీద జనం పాటలు పాడుకుంటారు.

పదేళ్లు తిరిగేసరికి ఇంకా పెద్ద కరువు. 1876 నుంచి 1878 దాకా, ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి ధాత కరువు అన్నారు. కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు ఎండిపోయాయి. దొరల ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. మట్టి తవ్వితే కూలి. 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి ఖర్చు ఎక్కువవుతోందని ఆ కూలిని కూడా తగ్గించాడు. పెద్ద మగమనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణా. పౌండంటే అర కిలో కూడా కాదు. రోజంతా గడ్డపార పట్టిన మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్య అధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాకే కొన్ని నెలలకు మార్చారు. ఈలోపు ఎన్ని పాడెలు లేచాయో.

1871లో కడప జిల్లా జనాభా దాదాపు 13 లక్షల 50 వేలు. పదేళ్ల తర్వాత 1881 లెక్కల్లో దాదాపు 11 లక్షల 20 వేలు. మామూలుగా పెరగాల్సిన జనాభా రెండు లక్షలకు పైగా తగ్గింది. కొందరు చచ్చిపోయారు, కొందరు ఊళ్లు వదిలి పోయారు. సీమ ఇట్లా మాడుతుండగానే 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియాను చక్రవర్తినిగా ప్రకటిస్తూ దర్బారు జరిగింది, విందులు జరిగాయి.

కూలిలో ధాన్యం కోసే ప్రభుత్వమే దాతకు పతకం పంపుతుంది. ఆకలి బాధ్యత తాను తీసుకోని ప్రభుత్వమే అన్నం పెట్టిన ఇల్లాలి ఫోటో అడుగుతుంది. పతకం, ఫోటో చవక. అన్నం ఖర్చు. ఇది వెంగళరెడ్డి తప్పు కాదు, సీతమ్మ తప్పు అంతకన్నా కాదు. కానీ దాతను పొగిడి తాను పక్కకు తప్పుకోవడం ప్రభుత్వాలకు కొత్తగా వచ్చిన అలవాటు కాదని అర్థమవుతుంది.

గోదావరిలో పొయ్యి ఎందుకు ఆరలేదు

సీతమ్మకు మనసుంది, వెంగళరెడ్డికీ మనసుంది. సీమలో మనసున్నోళ్లకు ఎన్నడూ తక్కువ లేదు. మరి గన్నవరంలో పొయ్యి ఏళ్ల తరబడి వెలిగితే, ఇక్కడ గంజి కేంద్రం కొన్ని నెలలకే ఎందుకు ఆగింది?

నీళ్లు. ఆ జవాబు సీతమ్మ పుట్టిన ఆరేళ్లకు మొదలైంది. 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని ఆర్థర్ కాటన్ మొదలుపెట్టాడు, 1852కి పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువ దాటించే పాత అక్విడక్టు కూడా ఆ రోజుల్లోనే కట్టారు. నలభై తొమ్మిది కమానుల కట్టడం అది. అంతకుముందు 1832, 33లలో వచ్చిన నందన కరువులో గోదావరి, కృష్ణా జిల్లాల జనం కూడా మన సీమ జనంలాగే రాలిపోయారు. ఆనకట్ట వచ్చాక డెల్టాలో వరి పండింది. ధాత కరువులో సీమ ఎండితే డెల్టా తట్టుకుంది.

అంటే సీతమ్మ గుండిగలో ఉడికిన బియ్యం వెనుక ప్రభుత్వ డబ్బుతో కట్టిన ఆనకట్ట ఉంది. జోగన్న పొలం పండితేనే కదా వడ్లు ఇంటికొచ్చేది. దానం చేసే చెయ్యి ఆమెది, ఆ చేతికి గింజ అందించిన నీళ్లు ప్రభుత్వ పని వల్ల వచ్చాయి. మన సీమలో ఆ పని జరగలేదు. అందుకే ఇక్కడ ఎంత పెద్ద దాతైనా కరువు ముందు ఓడిపోయాడు. ప్రభుత్వం తన పని చేసిన చోట దానం నిలబడుతుంది. చేయని చోట దానం కూడా దాతతో పాటే ఎండిపోతుంది. దాతలున్నారు కాబట్టి ప్రభుత్వం అక్కర్లేదనే వాళ్లు గన్నవరం నుంచి ఒక్కసారి ఉయ్యాలవాడ దాకా వచ్చి చూడాలి.

లంకెబిందె లెక్క

నేను చదివింది బీకాం. ఏ మంచి పని చూసినా దీనికి డబ్బు ఎక్కడిదని అడిగే అలవాటు ఒకటి ఉండిపోయింది. సీతమ్మ కథలో దానికి జవాబు కొంచెం బాధ పెడుతుంది.

రోజూ వచ్చేవాళ్లకు పెట్టీ పెట్టీ డొక్కా వారి ఆస్తి కరిగిపోతూ వచ్చింది. ఇక ఎట్లా అని దిగులు పడుతున్న రోజుల్లో జోగన్న పొలంలో తవ్వుతుంటే బంగారు నాణేలున్న బిందె దొరికిందని, దాంతో అన్నదానం మళ్లీ సాగిందని చెప్పుకుంటారు. నిజమో కాదో మనం తేల్చలేం. కానీ జనం ఆ కథ ఎందుకు చెప్పుకున్నారో తేలిగ్గా అర్థమవుతుంది. ఒక కుటుంబం ఆదాయంతో ఊరి ఆకలి, దారిన పోయేవాళ్ల ఆకలి తీర్చడం లెక్క ప్రకారం కుదరదు. ఆ లెక్క కుదరాలంటే కథలో లంకెబిందె రావాల్సిందే.

ఇప్పటి ధార్మిక సంస్థల లెక్క కూడా అంతే. రంజాన్ నెలలో డబ్బు బాగా వస్తుంది, షవ్వాల్ వస్తే తగ్గుతుంది. గల్ఫ్‌లో ఉన్న పిల్లలు పంపితే ఉంటుంది, వాళ్ల ఉద్యోగం పోతే ఆగుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు చాలా ఊళ్లలో మసీదు కమిటీలు, కుర్రాళ్లు, చిన్న చిన్న సంస్థలు ఇంటింటికీ బియ్యం, పప్పు, నూనె పంచాయి. ఎవరిదే మతమని చూడకుండా పంచారు. గర్వపడాల్సిన పని అది. కానీ సాయం తీసుకునేవాళ్లకు కష్టమొచ్చిన రోజే ఇచ్చేవాళ్ల షాపులు కూడా మూతపడతాయి, ఆటోలు కూడా ఆగుతాయి. కరువైనా, కరోనా అయినా దాతను కూడా వదలదు. పన్ను వసూలు చేసే అధికారం, అప్పు తెచ్చే శక్తి, గోడౌన్లలో నిల్వ ధాన్యం, ఈ మూడూ ఉన్నది ప్రభుత్వానికి ఒక్కదానికే.

గుమ్మం దాకా రాలేనివాళ్లు

దానానికి ఇంకో హద్దు ఉంది. సీతమ్మ తన గుమ్మం దాకా వచ్చినవాళ్లందరికీ పెట్టింది. రాలేనివాళ్ల సంగతి? మంచం పట్టిన ముసలవ్వ, పసిబిడ్డతో ఉన్న బాలింత, అడగడానికి మొహం చెల్లని మనిషి. మన ఇళ్లలో ఈ మూడో రకం ఎక్కువ. గతంలో బాగా బతికి ఇప్పుడు చితికిన కుటుంబం జకాత్ కోసం చెయ్యి చాపదు. పరదా వెనకే పస్తులుంటుంది.

సాయం పొందినవాడు దాతకు రుణపడ్డట్టు తలొంచుకుంటాడు. దాత మంచోడైతే ఆ బరువు తెలియనివ్వడు. సీతమ్మ అట్లాంటి మనిషి. అందరు దాతలూ సీతమ్మలు కారు. బియ్యం సంచీ ఇచ్చి ఫోటో దిగి వాట్సాప్‌లో పెట్టేవాళ్లను మనం చూస్తూనే ఉన్నాం. చక్రవర్తి అడిగినా ఫోటో ఇవ్వడానికి ఇష్టపడని మనిషి పేరును పొద్దస్తమానం తలుచుకుంటూ, అన్నం తీసుకునేవాళ్ల ఫోటోలు పెట్టడం ఏం న్యాయం?

హక్కు అట్లా కాదు. రేషన్ కార్డు మీద బియ్యం తీసుకునే మనిషి ఎవరికీ రుణపడి లేడు. బడిలో గుడ్డు తినే పిల్ల ఎవరికీ దండం పెట్టాల్సిన పని లేదు. ఇవ్వకపోతే అడగొచ్చు, ఎమ్మార్వో ఆఫీసుకు పోవచ్చు, కోర్టుకు కూడా పోవచ్చు. దాత ఇవ్వడం మానేస్తే ఏ కోర్టులో కేసు వేస్తాం?

దానం హక్కు ఎట్లా అయింది

బడిలో అన్నం పెట్టడం అనేది ఒక్కరోజులో రాలేదు. 1920 ప్రాంతంలో మద్రాసు కార్పొరేషన్ ఒక బడిలో పిల్లలకు భోజనం మొదలుపెట్టింది. 1956లో కామరాజ్ దాన్ని తమిళనాడంతా తెచ్చాడు. మొదట్లో అందులో ఊరివాళ్ల విరాళాలు కూడా కలిసేవి. 1982లో ఎంజీఆర్ ఇంకా విస్తరించాడు. దానం, ప్రభుత్వం కలిసి మొదలైన పని నెమ్మదిగా ప్రభుత్వ బాధ్యతగా మారింది.

2001లో అసలు మలుపు వచ్చింది. ఆ ఏడాది దేశంలో చాలాచోట్ల కరువు, ఇంకోపక్క ఎఫ్‌సీఐ గోడౌన్లలో ధాన్యం గుట్టలు. పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ సుప్రీంకోర్టులో కేసు వేసింది. ఆ సంస్థ గంజి కేంద్రం పెట్టలేదు, బియ్యం పంచలేదు. గోడౌన్లో ఉన్న గింజ జనం పళ్లెంలోకి ఎందుకు రాదని అడిగింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు సర్కారు, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. కరువు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లో కూడా పెట్టాలని 2004లో అదే కోర్టు చెప్పింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఇప్పుడు దేశంలో 10 కోట్లకు పైగా పిల్లలకు ఈ పథకం.

ఒక సంస్థ వండకుండానే ఇంతమందికి అన్నం పెట్టించింది. దాన్ని కూడా దానమే అనాలి. కాకపోతే గంటె పట్టుకోవడానికి బదులు అర్జీ పట్టుకుంది.

ఇప్పుడు మళ్లీ వెనక్కి పోతున్నామా అనిపించే సంగతులూ ఉన్నాయి. 2018 జూలైలో ఐదు రూపాయల భోజనంతో అన్న క్యాంటీన్లు వచ్చాయి. 2019లో ప్రభుత్వం మారాక మూతపడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. నడపడానికి విరాళాలు ఇవ్వమని ప్రభుత్వమే పిలుపునిచ్చింది, చాలామంది ఇచ్చారు కూడా. ఇచ్చినవాళ్లను తప్పు పట్టలేం. కానీ చట్టం వెనకాల లేని అన్నం ఐదేళ్లు మూతపడితే తిన్న కూలీలు ఎవరినీ ఏమీ అడగలేకపోయారు. బడి భోజనానికి మాత్రం ప్రభుత్వం ఎన్నిసార్లు మారినా పేరు మారిందే తప్ప పొయ్యి ఆరలేదు. ఈ రెంటికీ తేడా ఏమిటో ఆలోచించాలి. ఒకదాని వెనక కోర్టు ఆదేశం, చట్టం ఉన్నాయి. ఇంకోదాని వెనక ప్రభుత్వం ఇష్టం, దాతల మనసు ఉన్నాయి.

బడి భోజనంలో కూడా దానం దాక్కుని ఉంది. వంట చేసే అక్కలకు నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. బిల్లులు ఆలస్యమైతే అంగడిలో అప్పు పెట్టి సరుకు తెచ్చేది వాళ్లే. ఈ కాలపు సీతమ్మలు వాళ్లు. పాత సీతమ్మ ఆస్తి కరిగితే, వీళ్లకు కరగడానికి ఆస్తి కూడా లేదు. సీతమ్మ పేరు పెట్టుకున్న పథకంలో వండే ఆడవాళ్లు అప్పులపాలు కావడం ఆ పేరుకే మచ్చ.

మన జకాత్ ఏం చేయాలి

మన చరిత్రలో కూడా ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జకాత్ ప్రతి మనిషి బాధ్యత. అయినా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో అరేబియాలో కరువొచ్చినప్పుడు దాతలే చూసుకుంటారని ఆయన ఊరుకోలేదు. ఈజిప్టు నుంచి ధాన్యం తెప్పించాడు, పాలకుడిగా ఆకలి లెక్క తనదేనని భావించాడు. ఇచ్చేవాళ్ల బాధ్యత వేరు, పాలించేవాళ్ల బాధ్యత వేరు. ఒకటి చేస్తే ఇంకోటి తీరిపోదు.

కాబట్టి ప్రభుత్వం చేయాలి కదా అని మనం చెయ్యి ముడుచుకోలేం. ఈ రాత్రి ఆకలితో ఉన్న పిల్లకు చట్టం వచ్చేదాకా ఆగమని చెప్పలేం. పల్లకి వెనక్కి తిప్పిన సీతమ్మ మనకు నేర్పేది ఇదే. అట్లాగని మనం పెడుతున్నాం కదా అని ప్రభుత్వాన్ని అడగకుండా ఉండలేం. కడప జిల్లాలో తగ్గిన రెండు లక్షల మంది మనకు నేర్పేది అది.

చేయాల్సిన పని మరీ కష్టమైనదేం కాదు. రంజాన్‌లో రేషన్ కిట్ ఇవ్వడానికి ఒక ఇంటికి పోయినప్పుడు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. రేషన్ కార్డుందా? పింఛను వస్తోందా? లేకపోతే ఎందుకు లేదో రాసుకోవాలి. ఆధార్‌లో పేరు తప్పుందా, వేలిముద్ర పడటం లేదా, కొత్త కోడలి పేరు ఎక్కలేదా అని చూడాలి. సచివాలయానికి అర్జీ రాసివ్వడానికి ఒక చదువుకున్న కుర్రాడు చాలు. కిట్ ఒక నెల వస్తుంది, కార్డు ఏళ్ల తరబడి వస్తుంది. బడి కమిటీ మీటింగుకు అమ్మలు పోయి వంట బిల్లులు ఎందుకు ఆగాయో అడగాలి. వేసవి సెలవుల్లో మన కరువు మండలాల పిల్లల సంగతేంటని అడగాలి. మసీదు కమిటీ పుస్తకంలో ఎన్ని కిట్లు పంచామో రాసుకుంటున్నాం. ఎంతమందికి కార్డు ఇప్పించామో కూడా ఇంకో కాలమ్ గీసి రాసుకుంటే బాగుంటుంది.

మొదటి కాలమ్‌లో అంకె ఏటేటా తగ్గుతూ, రెండో కాలమ్‌లో పెరుగుతూ ఉంటే మన దానం సరైన దారిలో ఉన్నట్టు. మొదటిదే ఏటేటా పెరుగుతూ ఉంటే పొంగిపోవాల్సిన పని లేదు. అక్కడ ప్రభుత్వం తన పని మనకు వదిలేసిందని అర్థం, మనం అడగడం మానేశామని కూడా అర్థం.